పసి కోడిపిల్లలకు ఇంటిలోనే బ్రూడరు



వరి పండించువారికి నారుమడి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. నారు బలముగా లేచినచో పొలములో కొన్ని ఇబ్బందులు వచ్చినను పైరు తట్టుకొనును. నారు చెడినచో తరువాత ఎంత ఎరువు వేసినను ఆ లోటు పూర్తిగా తీరదు. కోళ్ల పెంపకములో నారుమడి వంటిది బ్రూడరు. పిల్ల మొదటి నాలుగు వారములు ఎట్లు గడుపునో దానినిబట్టియే తరువాత దాని బరువు, ఆరోగ్యము, అది పెట్టు గ్రుడ్లు ఉండును.

ఇప్పుడు మన జిల్లాలలో వనరాజా, గ్రామప్రియ, రాజశ్రీ వంటి మెరుగైన పెరటి కోళ్ల పిల్లలను చాలమంది తెచ్చుకొనుచున్నారు. వీనిలో మొదటి రెండును హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన కోళ్ల పరిశోధన సంస్థలో రూపొందినవి. ఈ పిల్లలు ఒక దినపు వయస్సులో, తల్లి లేకుండ, అట్టపెట్టెలలో మన ఇంటికి వచ్చును. ఇల్లాలు వానిని గంప క్రింద మూసి, ఇన్ని నూకలు చల్లి, ఇన్ని నీళ్లు పెట్టి పడుకొనును. తెల్లవారి చూచునప్పటికి అయిదారు పిల్లలు చచ్చియుండును. మరునాడు మరికొన్ని పోవును. మూడవ రాత్రికి పెట్టెలో సగము ఖాళీ. ఇంటివారు దిష్టి తగిలినదనియో, తెగులు వచ్చినదనియో అనుకొందురు. కొందరు మందుల దుకాణమునకు పరుగెత్తుదురు. సంఘము అప్పుతోనో, దాచుకొన్న సొమ్ముతోనో తెచ్చిన పిల్లలు పోయిన తరువాత ఆ ఇంట మరల కోళ్ల మాట ఎత్తరు.

అయితే మొదటి మూడు నాలుగు దినములలో పోవు పిల్లలలో ఎక్కువ భాగము తెగులు వలన పోవుట లేదు. చలివలనను, ఒకదానిపై నొకటి పడి ఊపిరాడకయు, నీరు మేత దొరకకయు పోవుచున్నవి. వీనికి మందు లేదు, మందు అక్కరయు లేదు. వందలు, వేలు ఖర్చు చేయకుండ, ఇంటిలో ఉన్న సామానుతోనే 50 పిల్లలకు చాలిన బ్రూడరును ఒక పూటలో అమర్చుకొనవచ్చును. ఆ విధానమును ఇచ్చట వివరించుచున్నాము.

తల్లికోడి చేయు పని

బ్రూడరు కట్టుటకు ముందు తల్లికోడి ఏమి చేయుచున్నదో గమనించుట మంచిది. పెద్దకోడి శరీరపు వేడిమి సుమారు 41 సెంటీగ్రేడు డిగ్రీలు. అప్పుడే పొదిగిన పిల్లకు ఒంటిమీద ఉన్నది నూగే గాని ఈకలు కావు. ఆ నూగు చలిని ఆపలేదు. తన వేడిని తాను నిలుపుకొను శక్తి పిల్లకు రెండు వారముల వరకు సరిగా రాదు. అంతవరకు వెచ్చదనము బయటినుండి అందవలసినదే.

తల్లికోడి పిల్లలను రెక్కల క్రింద బలవంతముగా ఉంచదు. చలి వేసిన పిల్ల లోపలికి దూరును. వెచ్చబడిన పిల్ల బయటికి వచ్చి గింజలు ఏరుకొనును. ఎప్పుడు ఎంత వేడి కావలెనో నిర్ణయించునది పిల్లయే. బ్రూడరులోని కిటుకంతయు ఇంతే: నడుమ ఒక వెచ్చని చోటు, దాని ప్రక్కనే ఒక చల్లని చోటు ఉండవలెను, రెంటి మధ్య పిల్లలు స్వేచ్ఛగా తిరుగవలెను. చిన్న అట్టపెట్టెలో బల్బు పెట్టి మూసినచో అది పొయ్యి అగును. పిల్లలకు తప్పించుకొను చోటు ఉండదు. పెద్ద గదిలో ఒక మూల బల్బు వ్రేలాడదీసి వదలినచో పిల్లలు దారి తప్పి చలికి ముడుచుకొనిపోవును. ఈ రెండు తప్పులును మన గ్రామములలో తరచు కనిపించుచున్నవి.

నాటుకోళ్లు ఉన్నవారికి కూడ బ్రూడరు ఉపయోగించును. నాటుపెట్ట ఒక దఫా 12 మొదలు 15 గ్రుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును. 21 దినములకు పిల్లలు వచ్చును. అటుపిమ్మట రెండు మూడు నెలలు పిల్లలతో తిరుగును. ఆ కాలమందు గ్రుడ్లు పెట్టదు. ఈలోగా పిల్లలలో కొన్ని గద్దకు, కొన్ని కాకికి, కొన్ని పిల్లికి పోవును. పిల్లలను బ్రూడరులో పెంచినచో పెట్ట త్వరగా మరల గ్రుడ్లకు వచ్చును, పిల్లలును దక్కును.

స్థలము

ఇంటి వసారాలోగాని, పశువుల కొట్టములో ప్రత్యేకించిన మూలగాని, ఖాళీగా ఉన్న గదిగాని చాలును. నేల పొడిగా ఉండవలెను. వాన జల్లు పడరాదు. చలిగాలి నేలబారున నేరుగా పిల్లలమీదికి కొట్టరాదు. కాని గది పైభాగమున గాలి వచ్చిపోవుటకు సందు తప్పక ఉండవలెను. గదిలోనికి పోగానే మన కండ్లు మండినను, ముక్కు ఘాటెక్కినను ఆ గాలి పిల్లలకు పనికిరాదని గ్రహింపవలెను.

పెద్దకోళ్లు తిరుగు చోట పిల్లలను ఉంచరాదు. పెద్దకోళ్లు ఆరోగ్యముగా కనిపించుచున్నను వాని రెట్టలోని రోగక్రిములు పిల్లలకు ప్రాణాంతకము కావచ్చును. పిల్లలు వచ్చుటకు వారము ముందుగా నేలను ఊడ్చి, కడిగి, ఆరబెట్టి, గోడలకు నేలకు సున్నము కొట్టి వదలవలెను. పాత ఊకను ఒక్క పిడికెడు కూడ మరల వాడరాదు.

కావలసిన సామగ్రి

50 పిల్లలకు ఈ క్రిందివి చాలును.

ఇరువది అడుగుల పొడవు, అడుగున్నర ఎత్తు గల వెదురు తడిక, లేదా రేకు, లేదా దళసరి అట్ట. రెండడుగుల వెడల్పు గల వెదురు గంప ఒకటి. అరవై వాట్ల ఫిలమెంటు బల్బులు రెండు, పింగాణీ హోల్డర్లు రెండు, అతుకులు లేని తీగ. రెండు గోనెసంచుల నిండుగ ఎండిన వరిఊక. ఊక దొరకనిచోట వేరుశనగ తొక్కలు. పాత వార్తాపత్రికలు. రెండడుగుల మేత తొట్లు రెండు. లీటరు పట్టు నీటి పాత్రలు రెండు. ఒక థర్మామీటరు. పైన కప్పుటకు వల.

రెండు బల్బులు ఎందుకనగా, ఒకటి అర్ధరాత్రి మాడిపోయినను రెండవది తెల్లవారువరకు పిల్లలను నిలబెట్టును. ఒకే నూరు వాట్ల బల్బు మాడినచో పిల్లలకు దిక్కు ఉండదు. రెండు బల్బులును దినమంతయు వెలిగినను సుమారు మూడు యూనిట్ల కరెంటు మాత్రమే అగును.

ఎల్‌ఇడి బల్బుతో మోసపోవద్దు

ఇది ఈ కాలమున ప్రత్యేకముగా చెప్పవలసిన మాట. దేశములో 2015లో ఉజాల పథకము మొదలైన తరువాత ఇంటింటికి ఎల్‌ఇడి బల్బులు వచ్చినవి. దీపమునకు అవి చాల మంచివి. కరెంటు ఆదా అగును. ఆదా ఎట్లు అగుచున్నదనగా, పాత బల్బు కరెంటులో ఎక్కువ భాగమును వేడిగా వదలును, ఎల్‌ఇడి వదలదు. మనకు కావలసినది సరిగా ఆ వేడియే. తొమ్మిది వాట్ల ఎల్‌ఇడి బల్బు అరవై వాట్ల పాత బల్బువలెనే వెలుగును గాని పిల్లలకు వెచ్చదనము నీయదు. గది అంతయు పట్టపగలువలె వెలుగుచుండగా దాని క్రిందనే పిల్లలు చలికి చచ్చును. కావున విద్యుత్ సామానుల దుకాణములో ఫిలమెంటు బల్బే కావలెనని అడిగి తెచ్చుకొనవలెను. అది దొరకనిచో కోళ్ల ఫారముల సామాను అమ్మువారివద్ద ఇన్‌ఫ్రారెడ్ బల్బులు లభించును. 150 వాట్ల బల్బు 50 పిల్లలకు చాలును. వీని వేడి తీవ్రముగా ఉండును గనుక గంప లేకుండ, నేలకు అడుగున్నర ఎత్తుకు తక్కువ కాకుండ గొలుసుతో వ్రేలాడదీయవలెను.

అమర్చు విధము

ముందుగా నేలపై రెండు అంగుళముల మందముగా ఊకను సమముగా పరువవలెను. దానిమీద వార్తాపత్రికలను రెండు మూడు పొరలుగా వేయవలెను. పిల్లలు మేతకు బదులు ఊకను తినకుండ ఈ కాగితము ఆపును. నునుపైన కాగితముమీద పిల్లల కాళ్లు జారి విడిపోవు ప్రమాదమున్నది; కావున కాగితమును ఒకసారి చేతితో నలిపి పరచవలెను. తడిసిన పొరను ఎప్పటికప్పుడు తీసివేయవలెను. మూడు నాలుగు దినములలో పిల్లలు మేత గుర్తుపట్టిన తరువాత కాగితమును పూర్తిగా తొలగింపవచ్చును.

తరువాత తడికను గుండ్రముగా నిలువబెట్టవలెను. మొదట అయిదడుగుల వెడల్పు గల వలయమునకు పదహారడుగుల తడిక పట్టును. మిగిలినది ఒకదానిపై నొకటి వచ్చునట్లు మడచి కట్టవలెను. నాలుగైదు దినముల పిమ్మట కట్టు వదులు చేసి ఆరడుగుల వెడల్పునకు జరుపవలెను. అప్పుడు పిల్లకు అర చదరపుటడుగుకు కొంచెము ఎక్కువగా చోటు వచ్చును. నాలుగు వారముల వరకు అది సరిపోవును. తడికను చదరముగా నిలుపరాదు. చలి వేసినను, బెదరినను పిల్లలు మూలలకు చేరి ఒకదానిపై నొకటి ఎక్కును. అడుగున పడినవి ఊపిరాడక చచ్చును. గుండ్రని వలయమునకు మూల ఉండదు.

గంపకు లోపలివైపు బంకమట్టి పలుచగా మెత్తి బాగుగా ఎండనీయవలెను. మట్టి పూత వేడిని నిలుపును, వెదురునకు నిప్పు అంటకుండ కాపాడును. గంపను వలయము నడుమ బోర్లించి, క్రింద మూడు ఇటుకలు ఉంచి, అంచు ఊకకు నాలుగైదు అంగుళముల ఎత్తున ఉండునట్లు చేయవలెను. పిల్లలు ఆ సందునుండి లోపలికి బయటికి తిరుగును. రెండడుగుల గంప క్రింద 50 పిల్లలు ఇరుకు లేకుండ పడుకొనగలవు.

బల్బులు గంప లోపల, ఊకకు పది పన్నెండు అంగుళముల ఎత్తున, గంప అంచులను ఏ ప్రక్కనను తాకకుండ ఉండవలెను. గంప లోతు చాలనిచో క్రింద ఇటుకలను పెంచుటకు బదులు లోతైన గంపను వాడవలెను. బల్బును తీగతోనే వ్రేలాడదీయరాదు. పైన దూలమునకు ఇనుప తీగతోనో గొలుసుతోనో కట్టవలెను. ఎండిన ఊకలో వేడి బల్బు జారిపడినచో కొట్టమంతయు, ఇల్లుకూడ తగులబడవచ్చును. తీగకు అతుకులు ఉండరాదు. నీటి పాత్రలు తీగకు దూరముగా ఉండవలెను. తడిచేతులతో బల్బును, హోల్డరును ముట్టరాదు.

వలయముపై వల కప్పి అంచులు కదలకుండ కట్టవలెను. పిల్లి, ఎలుక, ముంగిస, పాము ఇవన్నియు పిల్లల కొరకు కాచుకొనియుండును. చీమలు పట్టకుండుటకు ఒలికిన బెల్లపునీరు, మేత వెంటనే తుడిచివేయవలెను. వలయములోనో దాని చుట్టునో పురుగుల మందు పొడి చల్లరాదు. పిల్లలు దానిని గింజలవలె ఏరుకొని తినును.

పిల్లలు వచ్చు దినము

బ్రూడరును పిల్లలు వచ్చుటకు ఒక దినము ముందుగా వెలిగింపవలెను. గాలి వేడెక్కిన చాలదు, క్రింద ఊకకూడ వేడెక్కవలెను. పిల్ల చల్లని ఊకపై నిలిచినచో వేడి కాళ్లగుండ పోవును. గంప అంచువద్ద, ఊకకు రెండంగుళముల ఎత్తున థర్మామీటరు ఉంచి చూచినచో 95 ఫారన్‌హీటు డిగ్రీలు, అనగా 35 సెంటీగ్రేడు డిగ్రీలు ఉండవలెను.

పిల్లలను సాధ్యమైనంతవరకు ఉదయమే తెచ్చుకొనవలెను. చీకటి పడులోగా అవి మేత, నీరు, వెచ్చని చోటు గుర్తుపట్టును. ఆటోలో, బస్సులో పెట్టెలను ఒకదానిపై నొకటి గాలి ఆడకుండ పెట్టరాదు. పొదిగిన పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన దానికి రెండు మూడు దినముల ఆహారము. దూరమునుండి పిల్లలు ప్రాణముతో రాగలుగుచున్నది దానివలననే. ఇట్లని ఆలస్యము చేయరాదు. చలి తగిలిన పిల్లకు ఆ సొన సరిగా జీర్ణము కాదు. కడుపులోనే చెడి, బొడ్డు వాచి పిల్ల చచ్చును.

పిల్లలను దించగానే మొదట నీరు చూపవలెను. కాచి చల్లార్చిన నీటిలో లీటరుకు 50 గ్రాముల బెల్లము కలిపి మొదటి దినము మాత్రము ఇయ్యవలెను. ఒక్కొక్క పిల్లను చేతిలోనికి తీసికొని ముక్కు చివరను మెల్లగా నీటిలో ముంచి వదలవలెను. 50 పిల్లలకు ఈ పని అరగంట కూడ పట్టదు. నీరు త్రాగిన రెండు మూడు గంటలకు మొక్కజొన్న రవ్వగాని నూకలుగాని కాగితముమీద పలుచగా చల్లవలెను. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అను సామెత కోడిపిల్లలయెడ చెల్లదు. తల్లి లేని పిల్లకు నీటిని చూపవలసినది మనమే.

నీటి పాత్రను ఇంటిలోనే చేసికొనవచ్చును. ఒక డబ్బా మూతివద్ద, అంచుకు అర అంగుళము లోపల చిన్న రంధ్రము చేయవలెను. డబ్బాలో నీరు నింపి, రంధ్రముకంటె ఎత్తైన అంచు గల మూకుడును మూతగా పెట్టి, రెంటిని పట్టుకొని బోర్లింపవలెను. పిల్లలు త్రాగినకొలది నీరు మూకుడులోనికి దిగుచుండును. మూకుడులో చిన్న గులకరాళ్లు పరచినచో పిల్లలు నీటిలో పడి తడవవు. తడిసిన పిల్లకు వెంటనే చలి పట్టునని మరువరాదు.

పిల్లలను చూచి వేడిని తెలిసికొనుట

థర్మామీటరు ఒక చోటి వేడిని మాత్రమే చెప్పును. పిల్లలు మొత్తము పరిస్థితిని చెప్పును. థర్మామీటరు సరిగానే ఉన్నను పిల్లలు వేరుగా చెప్పినచో పిల్లల మాటనే నమ్మవలెను.

పిల్లలన్నియు గంప క్రింద బల్బునకు దగ్గరగా గుమిగూడి, సన్నని గొంతుతో ఎడతెగక అరచుచున్నచో వానికి చలిగా ఉన్నదని అర్థము. గంపను ఒక అంగుళము దించవలెను, లేదా పైన గోనెపట్టా కప్పవలెను. బల్బునకు గోనె తగులరాదు.

పిల్లలన్నియు తడికవద్దకు పోయి, రెక్కలు వ్రేలవేసి, నోరు తెరచి రొప్పుచున్నచో వేడి ఎక్కువైనది. గంపను ఎత్తవలెను, లేదా ఒక బల్బు ఆర్పవలెను.

పిల్లలన్నియు వలయములో ఒకే ప్రక్కకు చేరినచో ఎదుటి ప్రక్కనుండి చలిగాలి వచ్చుచున్నది. ఆ వైపు గోనె కట్టవలెను.

కొన్ని పడుకొని, కొన్ని మేత తినుచు, కొన్ని నీరు త్రాగుచు, నేలపై చల్లిన వడ్లవలె వలయమంతట సమముగా ఉండి, మెల్లగా కిచకిచలాడుచున్నచో అంతయు సరిగా ఉన్నది. అప్పుడు మనము దేనిని కదపరాదు.

ఇంకను రెండు పరీక్షలు కలవు. పిల్లను చేతిలోనికి తీసికొని దాని పాదములను మన చెంపకు ఆనించి చూడవలెను. చల్లగా తగిలినచో ఊక చల్లగా ఉన్నదన్నమాట. రాత్రి పడుకొనబోవు ముందు పది పిల్లలను పట్టి మెడ క్రింద, రొమ్ముకు పైన మేత నిలుచు సంచిని వ్రేలితో తడిమి చూడవలెను. అది నిండుగా, మెత్తగా ఉండవలెను. ఖాళీగా ఉన్న పిల్లలు ఎక్కువైనచో అవి మేతనుగాని నీటినిగాని కనుగొనలేదు. గట్టిగా ఉన్నచో మేత తిన్నవి గాని నీరు త్రాగలేదు.

మొదటి మూడు రాత్రులు ఎవరో ఒకరు లేచి చూడక తప్పదు. పది గంటలకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, కోడికూత వేళకు ఒకసారి చూడవలెను. రాత్రిలో అన్నిటికంటె చలి ఎక్కువగా ఉండునది తెల్లవారుజాముననే. సాయంత్రము సరిపోయిన వేడి ఆ వేళకు చాలకపోవచ్చును. పిల్లలు ఎక్కువగా పోవునదియు ఆ వేళనే.

కరెంటు పోయినచో

ఈ ఏర్పాటు పిల్లలు రాకముందే చేసికొనవలెను. కరెంటు పోయిన తరువాత చీకటిలో వెదకుకొనుట వలన ప్రయోజనము లేదు.

ఒక గంటలోపు అయినచో గంపపై రెండు గోనెపట్టాలు కప్పిన చాలును. లోపలి వేడి, పిల్లల ఒంటి వేడి కొంతసేపు నిలుచును. గాలి ఆడుటకు ఒక ప్రక్క కొంచెము తెరచియుంచవలెను. అంతకంటె ఎక్కువసేపు అయినచో లీటరు సీసాలలో వేడినీరు పోసి, గట్టిగా మూతవేసి, పాతబట్టలు చుట్టి గంప క్రింద పెట్టవలెను. 50 పిల్లలకు ఆరు సీసాలు కావలెను. రెండు మూడు గంటలకొకసారి నీరు మార్చవలెను.

బొగ్గుల కుంపటిని వాడువారు ఎక్కువ జాగ్రత్తగా ఉండవలెను. కుంపటిని ఆరుబయట వెలిగించి, పొగ పూర్తిగా పోయి బొగ్గులు ఎర్రబడిన తరువాతనే లోపలికి తేవలెను. ఇటుకలపై నిలిపి, చుట్టును ఊక తీసివేసి ఇసుక పోయవలెను. పిల్లలు తగులకుండ రంధ్రములు గల రేకు డబ్బాను దానిపై బోర్లింపవలెను. పొగ లేదు గనుక ప్రమాదము లేదని తలపరాదు. ఎర్రని బొగ్గులనుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వచ్చును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు మూసిన గదిలో అది పిల్లలను మాత్రమే గాదు, ఆ గదిలో నిద్రించు మనుష్యులనుకూడ చంపును. కుంపటి ఉన్న గదిలో ఎవరును పడుకొనరాదు. పైభాగపు కిటికీలు మూయరాదు.

వారము వారము తగ్గించవలసిన వేడి

మొదటి వారము 95 ఫారన్‌హీటు డిగ్రీలు. రెండవ వారము 90. మూడవ వారము 85. నాలుగవ వారము 80. సెంటీగ్రేడులో చెప్పినచో వరుసగా 35, 32, 29, 27 డిగ్రీలు. గంప అంచును ప్రతి వారము కొంచెము ఎత్తుచు, బల్బులు తగ్గించుచు ఇది సాధింపవచ్చును. మూడవ వారమునుండి వాతావరణమునుబట్టి పగలు బల్బు అక్కర ఉండకపోవచ్చును. నాలుగు వారములు నిండునప్పటికి రెక్కలకు, వీపుకు ఈకలు వచ్చును. ఆపైన చలికాలమున మాత్రము రాత్రులందు కొంత వేడి కావలెను. వేడిని ఒక్కసారిగా ఆపరాదు.

వేసవిలో పరిస్థితి వేరు. ఏప్రిల్, మే నెలలలో మన ప్రాంతమున పగటి వేడి 40 సెంటీగ్రేడు డిగ్రీలు దాటుచుండును. అప్పుడు పగలు బల్బు వెలిగించుట పిల్లలను వేయించుటయే. పగలు బల్బు ఆర్పి, కిటికీలకు తడిగోనె కట్టి, చల్లని నీరు దినమునకు నాలుగైదుసార్లు మార్చవలెను. అట్లని రాత్రి బల్బు మానరాదు. కప్పు రేకులైనచో పైన వరిగడ్డి పరచుట మేలు.

మేత

రెండవ దినమునుండి పిల్లల దాణా ఇయ్యవలెను. ఇందులో మాంసకృత్తులు నూటికి 20 పాళ్లు ఉండవలెను. వట్టి నూకలతోనే పెంచినచో పిల్లలు బ్రతికినను ఎదుగవు, ఈకలు సరిగా రావు. 50 పిల్లలకు మొదటి నాలుగు వారములకు సుమారు 30 కిలోల దాణా పట్టును. తొట్టిని సగముకంటె ఎక్కువ నింపరాదు. నిండుగా పోసినచో కాళ్లతో చిమ్మి పారబోయును. రెండడుగుల తొట్లు రెండు ఉన్నచో అన్ని పిల్లలును ఒక్కసారే తినగలవు; బలహీనమైనవి వెనుకబడవు.

దాణాను ఇంటిలో కలుపుకొనువారు బూజుపట్టిన వేరుశనగ పిండిని, మొక్కజొన్నను వాడరాదు. 1960లో ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీకోడి పిల్లలు కారణము తెలియక చచ్చినవి. బ్రెజిలు నుండి తెచ్చిన వేరుశనగ పిండికి పట్టిన బూజులోని విషమే కారణమని తరువాత తేలినది. దానికే అఫ్లాటాక్సిను అని పేరు పెట్టిరి. ఎండబెట్టినను, వేయించినను ఆ విషము పూర్తిగా పోదు. ‘మనుష్యులకు పనికిరాదు గదా, కోళ్లకు వేయుదము’ అను మాట పసిపిల్లల విషయమున ఎన్నడును అనరాదు.

ఊక, రోగములు

ఊకను దినమున కొకసారి చేతితో కలియబెట్టవలెను. పిడికెడు ఊకను పట్టి నొక్కి వదలినచో అది విడిపోవవలెను. ముద్దగా నిలిచినచో తడి ఎక్కువైనది. నీటి పాత్రల చుట్టు తడిసిన ఊకను వెంటనే తీసి పొడి ఊక వేయవలెను. మూడవ వారము మొదలు అయిదవ వారము వరకు రక్తపు రెట్ట కనిపించినచో అది కాక్సీడియోసిస్ అను వ్యాధి. తడి ఊకలోనే ఇది ప్రబలును. వెంటనే పశువైద్యుని సలహాతో మందు ఇయ్యవలెను.

మలద్వారము చుట్టు రెట్ట గట్టిపడి అంటుకొన్నచో గోరువెచ్చని నీటితో తడిపి, మెత్తబడిన తరువాత తుడిచి, ఆరబెట్టి వదలవలెను. లాగి పీకరాదు.

టీకాలు మరువరాదు. మారెక్స్ టీకా పొదుగు కేంద్రములోనే మొదటి దినము వేయుదురు. వేసిరో లేదో అడిగి తెలిసికొనవలెను. అయిదు మొదలు ఏడు దినముల లోపల కొక్కెర తెగులునకు లాసోటా టీకా ఒక చుక్క కంటిలో వేయింపవలెను. 14వ దినము ప్రాంతమున గంబోరో టీకా, 28వ దినము ప్రాంతమున మరల లాసోటా వేయింపవలెను. టీకా మందు మంచుముక్కలలోనే తేవలెను. బుడ్డి విప్పిన తరువాత మిగిలినది దాచి మరునాడు వాడిన పనిచేయదు. ఒక బుడ్డి చాల పిల్లలకు వచ్చును గనుక ఇరుగుపొరుగువారు ఒకే వారము పిల్లలను తెచ్చుకొని టీకాను పంచుకొనుట లాభము.

ప్రతి దినము చనిపోయిన పిల్లల సంఖ్యను గోడ క్యాలెండరుపై వ్రాయవలెను. చనిపోయినవానిని వెంటనే తీసి దూరముగా గోతిలో సున్నము వేసి పాతిపెట్టవలెను. 50లో రెండు మూడు పిల్లలు పోవుట సామాన్యము. అంతకు మించినచో కారణము వెదకవలెను. వెదకుట వేడితో మొదలుపెట్టి, తరువాత నీరు, మేత, గాలి, ఊక వరుసగా చూచి, అప్పటికిని తెలియనిచో పశువైద్యశాలకు పోవలెను.

నాలుగు వారముల తరువాత పిల్లకు ఒక చదరపుటడుగు చొప్పున చోటు పెంచవలెను. ఆరు వారములు నిండిన పిదప, పగటిపూట మెల్లగా పెరటికి అలవాటు చేయవచ్చును. బ్రూడరులో మిగిలిన ఊకను పారవేయరాదు. రెట్ట కలిసిన ఆ ఊకలో నత్రజని మెండుగా ఉండును. పచ్చిగా మొక్కల మొదళ్లలో వేసినచో వేళ్లు మాడును. పెంటగోతిలో వేసి రెండు మూడు నెలలు చివికిన తరువాత కూరపాదులకు వేసినచో మంచి ఎరువు.

పిల్లలు రాకముందు రాత్రి చూడవలసినవి

ఊక పొడిగా, వెచ్చగా ఉన్నదా? గుండ్రని తడికలో మూల ఎక్కడను లేదా? రెండు బల్బులును ఫిలమెంటువేనా, గంపకు తగులకుండ ఉన్నవా? బల్బులను గొలుసు మోయుచున్నదా, తీగ మోయుచున్నదా? థర్మామీటరు 95 చూపుచున్నదా? వలకు సందులు లేవా? సీసాలు, పాతబట్టలు, గోనెపట్టాలు చేతికి అందుచోట ఉన్నవా? కాచిన నీరు, బెల్లము, రవ్వ సిద్ధమా? మొదటి మూడు రాత్రులు ఎవరు ఏ వేళకు లేవవలెనో ఇంటిలో అనుకొన్నారా?

వీనిలో ఏ ఒక్కటి లేకున్నను పిల్లలను ఒక వారము ఆలస్యముగా తెచ్చుకొనుటయే మేలు.